పురుగులకు మిద్దె, మాకు మట్టిల్లు

సూళగిరి దాటాక హైవే దిగి లోపలికి పోతే మా అత్తగారి ఊరు. కాపురానికి వచ్చిన రోజు ఆటో దిగగానే ఎదురుగా సున్నం కొట్టిన మిద్దె కనిపిస్తే నేను నేరుగా అటే నడిచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆడ కాదు, ఈడ," అని పక్కనున్న మట్టిగోడల పెంకుటిల్లు చూపించాడు. మరి ఆ మిద్దె ఎవరిదంటే, "పురుగులది," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజమే. మా అత్తకు ఎకరం మల్బరీ తోట ఉంది. ఆ ఆకు కోసి పట్టుపురుగులను మేపి, అవి కట్టిన గూళ్ళను హోసూరు మార్కెట్టులో అమ్ముతుంది. ఇంటి బతుకంతా దాని మీదే. ఆ పురుగుల కోసం మా మామ పోయేముందు సబ్సిడీ తెచ్చి కట్టించిన షెడ్డు అది. కాంక్రీటు కప్పు, సిమెంటు నేల, కిటికీలకు సన్న జాలీ, పైన ఫ్యాను. మనుషులుండే ఇంట్లో ఫ్యాను లేదు.

పెళ్ళి మాటలకు వచ్చినప్పుడు మా నాన్న కూడా నాలాగే దూరం నుంచి ఆ మిద్దెను చూసి, ఎవరినీ ఏమీ అడక్కుండా సంబంధం ఖాయం చేసుకుని పోయాడు. ఊత్తంగరైలో మా అమ్మ చుట్టాలందరికీ "పాపను మిద్దె ఇంట్లో ఇచ్చినాం" అని చెప్పుకుంది. ఆ మాట ఊరంతా తిరిగాక, కాదని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నేనూ చెప్పలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదటి నెలంతా సణుగుతూనే ఉన్నాను. వానొస్తే గిన్నెలు పెట్టాలి, ఎండొస్తే పెంకుల సందుల్లోంచి మొహాన పడుతుంది. పక్కనేమో పురుగులు ఫ్యాను కింద పడుకుని ఉంటాయి. ఒకరోజు పట్టలేక అత్తతోనే అనేశాను, ఈ ఊళ్ళో మనిషి కన్నా పురుగు నయమని.

మా అత్త ఆకు తరుగుతూ ఉంది. తలెత్తకుండానే, "మనిషికి జ్వరమొస్తే కషాయం తాగి లేస్తాడు. పురుగుకి ఈదరగాలి తగిలినా ఇంగ లేవదు. ఎవురికి గట్టి ఇల్లు కావాల్నో నువ్వే చెప్పు," అంది. ఆ మాటకు వచ్చిన కోపంతో ఆ పూట సంగటి కూడా తినలేదు.

మా అత్త సంగతి కొంచెం చెప్పాలి. పొట్టి మనిషి. తెలుగు బడిలో మూడో తరగతి దాకా చదివింది. సంతలో కన్నడం, ఆఫీసుల్లో తమిళం, పురుగులతో తెలుగు మాట్లాడుతుంది. ఊళ్ళో ఎవరైనా నాలుగు రోజులు ఊరెళ్తే నగలు మా అత్త దగ్గరే పెట్టి పోతారు. ఆకు తూకంలో తగాదా వస్తే ఆమె ఎంతంటే అంత. అబద్ధం చెప్పదని ఆమెకు పేరు. ఆ పేరు ఆమె ఎన్నడూ చెప్పుకోదు గాని, దాన్ని కంటికి రెప్పలా కాచుకుంటుందని నాకు తర్వాత తెలిసింది.

మా పాప పుట్టక ముందు నుంచే అత్త ఇంటి లోను కోసం తిరుగుతూ ఉంది. మా ఆయనకు హోసూరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. పర్మనెంటు కాదు కాబట్టి ఏ బ్యాంకూ మొహం చూడలేదు. గ్రామసభలో ఒకసారి ఈ లోను గురించి చెప్పారు. పల్లెల్లో పక్కా ఇల్లు లేనివాళ్ళకు బ్యాంకు అప్పిస్తుంది. పూచీ ప్రభుత్వానిది. వడ్డీలో కొంత ప్రభుత్వమే మోస్తుంది, ఇరవై ఏళ్ళలో తీర్చుకోవచ్చు. స్థలం పట్టా ఉండాలి. పక్కా ఇల్లు మాత్రం ఉండకూడదు.

ఆ రోజు సభ నుంచి వచ్చి అత్త గడప మీద కూర్చుంది. "మనకి పూచీ నిలబడమంటే సొంత అన్నదమ్ములే వెనక్కి పోతారు. సర్కారు నిలబడతా అంటా ఉండాది. దానికి తలవంపు తెచ్చే పని మనం చేయగూడదు," అంది. ఎవరో పెద్దాయన మన ఇంటికొచ్చి మాట ఇచ్చిపోయినట్టు చెప్పింది. నేను లోపల నవ్వుకున్నాను. సర్కారుకు తలవంపేమిటి అని.

పట్టా మామ పేరు నుంచి ఆమె పేరుకు మారడానికే రెండేళ్ళు పట్టింది. సూళగిరికి ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. పసుపు సంచిలో కాగితాలు, మీద ఒక ప్లాస్టిక్ కవరు. పోయి రావడం, మళ్ళీ పోవడం. విసుక్కోవడం నేను చూడలేదు. ఫారాలు నింపే పని నాది. నేను ఒక్కో ఫారానికీ ఒక్కో శాపనార్థం పెట్టేదాన్ని. చివరికి అర్జీ లోపలికి పోయింది. ఇంక మనిషి వచ్చి ఇల్లు చూసి రాసుకోవడమే మిగిలింది.

అప్పుడు వాన పట్టుకుంది. మూడు రోజులు విడవకుండా కురిసి, మా మట్టింటి వెనక గోడ సగం కూలింది. పగలు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మేస్త్రీ వచ్చి చూసి, మిగిలిన గోడ ఇంకో పెద్ద వానకు ఆగదన్నాడు. అదృష్టం ఏమిటంటే, అప్పుడే ఒక పట్టు పంట అయిపోయి షెడ్డు ఖాళీగా ఉంది. తర్వాతి పంటకు ఇంకా పదిహేను రోజులు ఉంది. "అంతవరకు షెడ్డులో ఉందాం," అంది అత్త. ఒకటే షరతు పెట్టింది. పొయ్యి లోపల పెట్టకూడదు. పోపు వాసన గోడకు పడితే పురుగు ఆకు ముట్టదట.

దాచడం దేనికి, ఆ పదిహేను రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను. అరల మీద గిన్నెలు సర్దాను. గోడకు అద్దం తగిలించాను, దేవుడి పటాలు పెట్టాను, కొక్కేనికి పాప ఉయ్యాల కట్టాను. ఫ్యాను కింద పడుకుని కప్పు వైపు చూస్తే అందులో ఒక్క చిల్లు లేదు. నా మనసులో ఇక అదే మా ఇల్లు.

ఒకరోజు పొద్దున మా అత్త తర్వాతి పంటకు పిల్ల పురుగులు కావాలని చెప్పి రావడానికి రాయకోట పోయింది. సన్న జల్లు పడుతుంటే నేను ఆమె మాట కాదని గ్యాసు స్టవ్వు లోపలికి జరిపాను. ఆ సమయానికే లోను మనిషి బండి మీద వచ్చాడు. నడివయసు వాడు, తడిసిపోయి ఉన్నాడు. హెల్మెట్ తీసి, "అర్జీ పెట్టినది మీరేనామ్మా? ఇల్లు యాడ?" అన్నాడు.

నేను అటు చూశాను. కూలిన గోడ, దాని మీద నానిన టార్పాలిన్, తలుపు దగ్గర బురద, బురదలో ఒక కోడి. ఇటు చూశాను. సున్నం కొట్టిన మిద్దె, ఫ్యాను, అద్దం. ముక్కూమొహం తెలియని మగమనిషిని తీసుకుపోయి ఆ బురద చూపించి, మేము ఉండేది ఇందులో అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊత్తంగరై చుట్టాలందరూ ఆయన వెనక నిలబడి నా వైపు చూస్తున్నట్టే అనిపించింది.

"ఇదేప్పా మా ఇల్లు," అన్నాను. లోపలికి పిలిచి కుర్చీ వేశాను. కాఫీ ఇచ్చాను. ఆయన నేల చూశాడు, కప్పు చూశాడు, కాగితం మీద రాసుకున్నాడు. "వాకిలి కాడ నిలబడండమ్మా, ఫోటో కావాలి," అన్నాడు. నిలబడ్డాను. నవ్వమని ఆయన అడగలేదు. నేనే నవ్వాను.

బండి మలుపు తిరిగాక గాని నేను చేసిన పని నాకు తట్టలేదు. పక్కా ఇల్లు లేనివాళ్ళకే లోను అని ఫారంలో నా చేత్తో నేనే నింపాను. అయినా, కూలిన గోడ ఆయన చూసే ఉంటాడులే, ఆయనకు తెలియదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం అత్త వచ్చింది. లోను మనిషి వచ్చి చూసిపోయాడని చెప్పాను.

"చూసినాడా?"

"చూసినాడు అత్తా."

"కాఫీ ఇచ్చినావా?"

"ఇచ్చినాను."

"మంచి పని చేసినావు," అని ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది.

మూడు వారాలకు మా ఆయన ఫోనుకు తమిళంలో మెసేజ్ వచ్చింది. పక్కా ఇల్లు ఉన్నందువల్ల అర్జీ తోసేశామని. అప్పటికి షెడ్డులోకి కొత్త పురుగులు వచ్చాయి, మేము టార్పాలిన్ కిందికి తిరిగొచ్చాము. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మూడోరోజు తోటలో ఆకు కోస్తూ, అత్త ముఖం చూడకుండా అంతా చెప్పేశాను. అద్దం, స్టవ్వు, ఫోటో, నవ్వు, అన్నీ.

ఆమె కొడవలి ఆపలేదు. ఆ సాలు చివరిదాకా కోసింది. నేను వెనకే నడిచాను. చివర్న నడుము ఎత్తి, "కాఫీ బాగా పెట్టినట్లుండావే," అంది.

"ఏం అత్తా?"

"అంత నమ్మినాడంటే కాఫీ బాగుండే ఉంటాది."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ నాలుగు మాటలనేదాన్ని, ఇద్దరికీ గుండెబరువు దిగేది. ఆమె గట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అనుకున్నాను. కాదు. "మూడేండ్లు తిరిగినా పాపా," అంది. నేను మల్బరీ చెట్ల మధ్య నిలబడి పెద్దగా ఏడ్చాను.

ఊళ్ళో సంగతి తెలిసి సలహాలు మొదలయ్యాయి. షెడ్డు కప్పు పగలగొట్టి చూపించమని ఒకరన్నారు. షెడ్డు వేరే చుట్టమెవరి పేరు మీదో ఉందని కాగితం పుట్టించమని ఇంకొకరన్నారు. అత్త అందరికీ మజ్జిగ ఇచ్చి పంపించింది. "ఒక అబద్ధాన్ని కడుక్కొనేదానికే నీళ్ళు చాలడం లేదు. ఇంగొకటి ఏంటికి?" అంది. మరునాడు నన్ను వెంటబెట్టుకుని పసుపు సంచితో సూళగిరి బస్సెక్కింది.

బ్యాంకులో మేనేజరు ఒక ఆడామె. కృష్ణగిరి మనిషి, తెలుగు తెలుసు. కంప్యూటరులో మా అర్జీ తీసింది. తెర నిండా నేను. మిద్దె వాకిట్లో నిలబడి పండ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాను. వెనక ఫ్యాను, పక్కన అద్దం. ఆ ఫోటో నేను చచ్చేదాకా మరవను.

"ఇదే మా ఇల్లు అని చెప్పినట్టు రాసి ఉంది. ఇప్పుడొచ్చి ఇల్లు లేదంటున్నారు. అలా చెప్పింది ఎవరు?" అంది మేనేజరు.

నేను నోరు తెరిచాను. "మేడం, అది..." అనేలోపు బల్ల కింద మా అత్త నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

"నేనే అట్ల చెప్పమనింటినమ్మా," అంది. "గట్టి ఇల్లుంటే లోను బిరీన ఇస్తారని అనుకొంటిని. కోడలు పాపదేం తప్పు లేదు. అత్త చెప్పమన్నట్ల చెప్పింది."

మేనేజరు కళ్ళజోడు తీసింది. "పెద్దదానివి, ఇలాంటి పని చేయిస్తావా అమ్మా? మీ మాట నమ్మే కదా ప్రభుత్వం మీకు పూచీ నిలబడేది. ఆ మాటే అబద్ధమైతే రేపు ఇంకెవరికైనా ఎలా ఇస్తాం?" అంది. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. అందులో ఇద్దరు మా ఊరివాళ్ళు. మా అత్త దగ్గర నగలు పెట్టి పోయేవాళ్ళే.

"తప్పేనమ్మా," అంది అత్త. తల వంచుకుంది. ఆమె తల వంచడం నేను అంతకుముందు చూడలేదు. ఇంటి దగ్గర ఊరంతా వినేలా మోగే నా నోరు ఆ రోజు మూగబోయింది. ఇప్పటికీ దానికి నేను సిగ్గుపడతాను.

జరిగింది రాసివ్వమని మేనేజరు తెల్లకాగితం ఇచ్చింది. నేను రాస్తానంటే అత్త ఒప్పుకోలేదు. మూడో తరగతి అక్షరాలతో, ఒక్కొక్కటీ దిద్దినట్టుగా తనే రాసింది. "నేను అబద్దం చెప్పించినాను. ఆ మిద్దె పురుగులది. మేము ఉండేది మట్టి ఇంట్లో." కింద సంతకం పెట్టింది. మేనేజరు అది రెండుసార్లు చదివింది. నెలాఖరుకు ఈ ఏడాది జాబితా పైకి పోతుందని, ఆలోపు తనే వచ్చి చూస్తానని, అప్పుడు కూడా తేడా వస్తే మళ్ళీ ఈ అర్జీ ముట్టుకోనని చెప్పింది.

"ఎప్పుడు రమ్మంటారు?" అంది.

అత్త వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నాలుగో జ్వరం లేచిన మూడో దినం రాండమ్మా."

మేనేజరు నా వైపు చూసింది. పురుగు పెద్దయ్యేలోపు నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుకుని, కుబుసం విడుస్తుందని, దాన్నే మా వైపు జ్వరం అంటారని నేను చెప్పాను. నాలుగో జ్వరం దాటాక పురుగు ఆకలికి అంతుండదు. ఆ రోజు తేదీ రాసుకుని ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది.

తిరుగు బస్సులో నేను ఆగలేదు. "ఏంటికి అత్తా అట్ల చేసినావు? నేను చేసిన పాపం నేను మోస్తాను కదా," అన్నాను. కిటికీ పక్కనున్నామె తిరిగి చూసింది.

"గమ్మునుండు," అంది అత్త. "ఇది ఇరవై ఏండ్ల అప్పు. ఇరవై ఏండ్లు నేనుంటానా? ఆ బ్యాంకు మెట్లు ఎక్కి దిగేది నువ్వు. పోయినప్పుడంతా అబద్దం చెప్పినామె ఈమేనా అని నీ మొగం చూస్తే నువ్వు ఓర్చుకుంటావా? రెండో దినమే కొట్లాడి వస్తావు. నాదేముంది, తల వంచుకోని వచ్చేస్తా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా కోపాన్ని కూడా లెక్కలో వేసుకుని, నా మీద పడవలసిన మచ్చ తన పేరు మీద వేసుకుంది ఈ పొట్టి మనిషి. సర్కారు మాకు పూచీ నిలబడటం తర్వాత మాట, ఆ రోజు నాకు మా అత్త పూచీ నిలబడింది. ఇంటికి రాగానే నేనే చీపురు పట్టుకుని షెడ్డు చుట్టూ శుభ్రం చేశాను. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

మేనేజరు చెప్పిన రోజుకే వచ్చింది. కారు దిగగానే గుప్పున వాసన. తల్లో మల్లెపూలు, ఒంటి మీద సెంటు. నేరుగా షెడ్డు వైపు నడిచింది. మా అత్త వాకిట్లో అడ్డంగా చెయ్యి చాపింది.

"మీరు లోపలికి రాగూడదమ్మా."

మా ఇంటి బతుకు ఆమె కలం కొసన ఉంటే, ఈమె ఆమెనే వాకిట్లో నిలబెట్టేసింది.

"సెంటు పూసుకోని ఉండారు. పురుగుకి పడదు. మేత మానేస్తాయి. ఈడ కిటికీ కాడ నిలబడుకోని చూడండమ్మా," అంది అత్త. గొంతులో బెదురూ లేదు, పొగరూ లేదు. ఎవరొచ్చినా అదే చెప్పేది.

మేనేజరు తల్లో పూలు తీసి నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, జాలీకి మొహం ఆనించి చూసింది. నేల నుంచి కప్పుదాకా ఐదు అరలు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. అరల మీద ఆకు, ఆకు మీద వేలంత పురుగులు. మధ్యలో ఒక మనిషి పక్కవాటుగా నడిచేటంత సందు. లోపలి నుంచి పెంకుల మీద జల్లు పడుతున్నట్టు ఒకటే చప్పుడు.

"ఆ చప్పుడేంటి?" అంది.

"తింటా ఉండాయమ్మా," అంది అత్త.

ఆమె చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత మట్టింటికి తీసుకుపోయాము. నడుము వంచి లోపలికి వచ్చింది. వెనక గోడ స్థానంలో టార్పాలిన్ కొట్టుకుంటోంది. తడి తగలని మూల ఒక్కటే ఉంది. అక్కడ ఉయ్యాల, ఉయ్యాలలో మా పాప. మేనేజరు టార్పాలిన్ పట్టుకుని అవతలి వైపు చూసింది, మిగిలిన గోడను చేత్తో తట్టింది. మట్టి రాలింది.

"పక్కన మిద్దె ఉండగా పాపను ఇందులో పడుకోబెడుతున్నారా?"

"ఆ మిద్దె మాకి కూడు పెడ్తుందమ్మా," అంది అత్త. "దాంట్లో మేము పండుకుంటే ఇంగ తినేది ఏంటిది?"

మేనేజరు ఉయ్యాల పక్కనే పీట మీద కూర్చుని రాసుకుంది. ఏం రాసిందో చూడటానికి నా మెడ సాగలేదు. నేను కాఫీ తెచ్చాను. తొందరలో గ్లాసు అంచు మీద నుంచి ఒలికింది. అత్త నా వైపు ఒక చూపు చూసి, "పోయిన తూరి ఈ పాప పెట్టిన కాఫీ తాగినాయప్ప మాకి మిద్దె ఉండాదని రాసేసినాడు. మీరు చూసుకోని తాగండమ్మా," అంది. మేనేజరు గట్టిగా నవ్వింది. నవ్వి, గ్లాసు అడుగు దాకా తాగింది.

పోయేటప్పుడు పూలు ఇవ్వబోతే, "నువ్వే పెట్టుకో," అంది. కారు తలుపు పట్టుకుని, "మీ అత్త రాసిన కాగితం నువ్వు చదివావా?" అని అడిగింది.

"చదివాను మేడం."

"అలా రాసే మనిషి అబద్ధం చెప్పించదు," అని కూర్చుని తలుపు వేసుకుంది. అక్కడే నిలబడి, నేనే మేడం, నేనే చెప్పాను, అన్నాను. అద్దం మూసి ఉంది. వినిపించిందో లేదో, తల మాత్రం ఊపింది.

లోను వచ్చింది. కాగితాల మీద సంతకాలకు పోయినప్పుడు అత్త ఇంకో మాట అడిగింది. పట్టా తనదే అయినా, అప్పులో మొదటి పేరు కోడలిది ఉండాలని. "తీర్చేది అది. పేరు కూడా దాందే ఉండనీ. నా పేరు ఇంతకుముందే ఒక కాగితంలో ఎక్కింది కదమ్మా," అని నవ్వింది. మేనేజరు నవ్వలేదు. నా పేరు పైన, అత్త పేరు కింద రాసింది.

ఇల్లు కట్టి చూడమని ఊరికే అనలేదు పెద్దలు. పునాదికి ఒక ఫోటో, గోడలకు ఒక ఫోటో, కప్పుకు ఒక ఫోటో. ఫోటో పోయాకే తర్వాతి డబ్బు వచ్చేది. సిమెంటు మూటల కోసం నేను ఒక దుకాణం వాడితో, ఇసుక కోసం ఇంకొకడితో గొడవ పడ్డాను. పురుగులను మేపుతూనే, ఆకు కోతకు ముందొకసారి, తర్వాతొకసారి గోడలకు నీళ్ళు కొట్టింది మా అత్త. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరి తోట పని వాళ్ళు ముగించుకుని వచ్చి ఇటుకలు అందించారు. బ్యాంకులో ఆ రోజు అంతా విన్న ఇద్దరూ వచ్చారు. అందులో ఒకామె మరుసటి నెల ఊరెళ్తూ తన గాజులు తెచ్చి మా అత్త చేతిలో పెట్టి పోయింది. అత్త ఆ మూటను పెట్టెలో పెట్టి తాళం రెండుసార్లు లాగి చూసింది.

రెండు గదులు, వంటిల్లు. పెద్ద ఇల్లేమీ కాదు. మొదట కొన్న వస్తువు ఫ్యాను. నేను అడగలేదు, అత్తే కృష్ణగిరి పోయి తెచ్చింది.

చివరి ఫోటోకు వచ్చింది పాత మనిషే. ఈసారి వాన లేదు. నన్ను చూసి గుర్తుపట్టి కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. నేనూ అంతే. గదులన్నీ తిరిగి చూశాడు, నేల చూశాడు, కప్పు చూశాడు. వాకిట్లోకి వచ్చి కాగితం తీశాడు. అడగవలసిన పద్ధతి కాబట్టి అడిగాడు.

"ఇల్లు ఎవురిదమ్మా?"

అత్త షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది. చేతులకు ఆకు పసరు, తల నిండా గుడ్డ. నా పక్కకు రమ్మని చెయ్యి పట్టి లాగాను. రాలేదు. వెనక నిలబడి, చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"మా అత్తదప్పా," అన్నాను. "ఇది మా అత్త ఇల్లు. రాసుకోండి."

ఆయన కాగితం తిప్పి చూశాడు. "ఈడ మొదటి పేరు మీది ఉండాదే?"

వెనక నుంచి అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆకు పసరు రవిక మీద ఐదు వేళ్ళుగా పడింది. ఆ రవిక ఇప్పటికీ ఉతకలేదు నేను. "మళ్ళా మొదలుపెట్టినావా?" అంది. "ఆయప్ప రాసేసుకుంటాడు. నిజం చెప్పు."

"ఇదేప్పా మా ఇల్లు," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. వాకిలి దగ్గర నిలబడమన్నాడు. ఈసారి ఇద్దరం నిలబడ్డాము. ఆ ఫోటోలో నేను నవ్వడం లేదు. మా అత్త నవ్వుతోంది.